లబ్‌కీ డబ్‌కీ నడుమ

విశ్వవిద్యాలయం, రికార్డింగు గది

శ్రీమతికి,

ఈ ఉత్తరం శుభవార్తతో మొదలుపెట్టవలసి వచ్చింది కనుక, కుళాయి మరమ్మతు వివరాలు చివరికి నెట్టాను. మా విభాగాధిపతి నిన్న నన్ను పిలిపించి, మీ నర్సింగు కోర్సును ఇకమీదట కేవలం చదువుకునే పాఠాలుగా ఉంచరాదని నిర్ణయించినట్లు తెలియజేశారు. ఇంతవరకు మీ ఆన్‌లైన్ విద్యార్థులు తెర మీది అక్షరాలు చదివి, బొమ్మలు చూసి, గుండె చప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ వచ్చారు. ఇక ప్రతి పాఠానికీ వీడియో, ఆడియో ఉంటాయి. విద్యార్థి ఏ ఊళ్లో ఉన్నా మీట నొక్కగానే పాఠం ప్రవాహంలా వచ్చేస్తుంది. ముందుగా దించుకుని దాచుకోవలసిన పని లేదు. దీనినే స్ట్రీమింగ్ అంటారు. నీకు తెలియదని కాదు, వివరంగా రాయడం నా అలవాటు.

అసలు సంగతి ఇది. వచ్చే సెమిస్టరు తెరిచేలోగా గుండె, ఊపిరితిత్తుల శబ్దాలతో సహా పాఠాలన్నీ సర్వరు మీదికి ఎక్కితే, ట్యూటరు ఆ దూరపు ఆసుపత్రిలోనే కూర్చోవలసిన అవసరం తీరిపోతుంది. "ఆవిణ్ణి ఇక్కడికి వేయించే పూచీ నాది. పాఠాలు ఎక్కించే పూచీ మీది. ఆలస్యమైతే మాత్రం ఆవిడ మరో రెండేళ్లు అక్కడే," అన్నారాయన. "నా వృత్తిలో ఆలస్యం అనే మాట లేదండీ," అన్నాను. ఆయన ఎందుకో నవ్వారు.

అమ్మతో చెప్పాను. "అయితే కోడలు టీవీలో కనిపిస్తుందన్నమాట," అంది. టీవీ కాదమ్మా, కంప్యూటరు అన్నాను. "ఏదైతేనేం, మనిషి రాదుగా," అంది. వస్తుందని చెప్పాను.

నాకు కావలసినవి: ఆరోగ్యంగా ఉన్న గుండె ఒకటి, జబ్బు గుండె ఒకటి, ఊపిరితిత్తులు ఒకటి. రికార్డు చేసే స్టెతస్కోపు మీ విభాగంలో ఉన్నదని విన్నాను. గది తలుపు వేసి, పంకా ఆపి తీయగలవు.

కుళాయి బాగైంది.

ఇట్లు,
నీ భర్త, బి.ఎ.


నర్సుల వసతి గృహం, మూడో అంతస్తు

శబ్ద శాఖ వారికి,

పెళ్లానికి రాసే ఉత్తరం కింద కూడా బి.ఎ. అని రాసుకునే మొగుడు ఈ భూమ్మీద మీరొక్కరే అయి ఉంటారు. ఆ పరీక్ష ఫలితాల్లో మీ నంబరు మీకన్నా ముందు చూసింది నేనే, మరిచిపోయారా. పగలు నా డ్యూటీ, సాయంత్రం నుంచి మీ రాత్రి కాలేజీ. ఒకరి మొహం ఒకరికి కనపడక, భోజనాల బల్ల మీద ఉత్తరాలు పెట్టుకుని కాపురం చేశాం. ఆ అలవాటే ఇప్పుడు అక్కరకొచ్చింది. ఫోనులో మీతో మాట్లాడితే వాతావరణ వార్తలు విన్నట్టుంటుంది. "ఊఁ. బాగానే ఉన్నాం. ఇక్కడ వాన లేదు. ఉంటాను." అంతే.

"ఇక్కడికి వేయించే పూచీ నాది" అన్న వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో చెబితే నవ్వుతారు. ఈ గదిలో కుర్చీ ఒకటే ఉంది. రెండోది ఇప్పించమని మొన్న వార్డెన్‌ని అడిగాను. "ఎవరొస్తారని?" అంది. నిజమే కదా అనుకుని వచ్చేశాను. బట్టలారేసే వసారాలోంచి చూస్తే రైలు కట్ట కనిపిస్తుంది. ఏ బండి మన ఊరి వైపు పోతుందో నాకిప్పుడు కూత విని చెప్పడం వచ్చు. మీ శాఖలో ఉద్యోగం ఇప్పిస్తారా?

మూడు రికార్డింగులూ పంపుతున్నాను. మొదటిది మా ఆసుపత్రి డ్రైవరు గారిది, నిక్షేపం లాంటి గుండె. రెండోది ఒక స్త్రీది, జబ్బు గుండె. మూడోది దర్జీ ఆయన ఊపిరితిత్తులు. ఆయన మొదట ఒప్పుకోలేదు. "నా లోపలి సంగతులన్నీ ఊరందరూ వింటారా అమ్మా?" అన్నాడు. "మాటలు వినపడవండీ, ఈల వేసినట్టు గాలి వినపడుతుందంతే," అన్నాను. "ఈలా? మా ఆవిడ గురక అంటుందే," అన్నాడు. వార్డంతా నవ్వింది.

రెండోదాన్ని కాస్త జాగ్రత్తగా చూడండి. అలాంటిది మళ్లీ తీయడం కష్టం.

ఇక్కడ లిఫ్టు ఒకరోజు పనిచేస్తే రెండు రోజులు సెలవు పెడుతోంది. మెట్లెక్కి వచ్చేసరికి ఉత్తరం రాయాలన్న ఓపిక అయిపోతోంది. అందుకే ఆలస్యం. అత్తయ్యకు నమస్కారం చెప్పండి.

మీ
నర్సమ్మ, డిగ్రీలు రాయను


రికార్డింగు గది

శ్రీమతికి,

మూడు నమూనాలూ అందాయి. మూడింటినీ శుభ్రపరచి తిరిగి పంపుతున్నాను. నా పద్ధతి నీకు తెలియజేస్తాను. ముందు మొదలూ చివరా కత్తిరిస్తాను. పరికరం పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ వచ్చే గరగరలు ఎవరికీ అక్కరలేదు గనుక అవి వినను కూడా. తరువాత మాటకూ మాటకూ నడుమ ఒక ఖాళీ జాగా వెతికి, "ఇది రొద" అని సాఫ్ట్‌వేరుకు చూపిస్తాను. అది ఆ రొదను గుర్తుపెట్టుకుని, రికార్డింగులో ఎక్కడ ఉన్నా తుడిచివేస్తుంది. ఈ విశ్వవిద్యాలయంలోని ప్రొఫెసర్ల ఉపన్యాసాలన్నీ నేను అలా కడిగి ఆరబెట్టినవే.

రెండో నమూనాలో నీవు పంకా ఆపడం మరిచినట్లున్నావు. గుండె చప్పుడులోని లబ్‌కీ డబ్‌కీ నడుమ ఒకటే హోరు. ఆ హోరునే రొదగా చూపించి మొత్తం తుడిపించాను. ఇప్పుడు విను, కడిగిన ముత్యంలా ఉంది.

వీడియో కోసం మా కెమెరామన్ వచ్చే వారం మీ ఆసుపత్రికి వస్తాడు. అతణ్ణి మేమందరం తుఫాను అంటాం. ఎందుకంటామో అతడు కెమెరా నిలబెట్టే త్రిపాదిని విప్పడం చూస్తే నీకే తెలుస్తుంది. తీరిగ్గా చూడవలసిన దృశ్యం.

ఇంట్లో నీ బల్లను కిటికీ దగ్గరికి జరిపాను. వెలుతురు ఎడమ పక్క నుంచి పడుతుంది. ఇక్కడికి వచ్చాక పాఠాలు అక్కడి నుంచే చెప్పవచ్చు. అమ్మ ఆ బల్ల మీద పత్రికలు పెట్టబోతే వద్దన్నాను. "ఇంకా రానేలేదు, అప్పుడే రిజర్వేషనా," అంది.

ఇట్లు,
నీ భర్త, బి.ఎ.


నర్సుల వసతి గృహం

మీకు,

డ్రైవరు గారి గుండెనూ మీరు కడిగి పంపిన రెండో గుండెనూ పక్కపక్కన పెట్టి మా రెండో సంవత్సరం పిల్లలకి వినిపించాను. తేడా ఏమిటని అడిగాను. మళ్లీ వినిపించమన్నారు, వినిపించాను. చివరికి ఒకమ్మాయి లేచి, "రెండోది కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటోంది మేడమ్, మనిషి మంచిదేమో," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పంకా ఆపే ఉందండీ. మీరు తుడిచింది పంకాను కాదు.

గుండెలో తలుపులుంటాయి. రక్తం ముందుకు పోగానే అవి మూసుకుంటాయి. మీరు లబ్ అనీ డబ్ అనీ వింటున్నది ఆ తలుపులు పడిన చప్పుడు. ఆ రెంటి మధ్యా నిశ్శబ్దం ఉండాలి. ఈవిడ గుండెలో ఒక తలుపు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి కొంత రక్తం వెనక్కి కారుతుంది. అలా కారే చప్పుడే మీకు హోరుగా వినపడింది. దాన్ని మర్మర్ అంటాం. మూడో పాఠమంతా దాని గురించే. ప్రొఫెసర్ల ఉపన్యాసాల్లో మాటల మధ్య ఉండేది రొదే కావచ్చు. ఇక్కడ వినవలసిందంతా ఆ మధ్యలోనే ఉంది.

ఒక మాట దాచకుండా చెబుతాను. మీరు పంపినదాన్ని క్లాసులో పెట్టే ముందు గదిలో తలుపేసుకుని ఒక్కదాన్నే విన్నాను. ఎంత శుభ్రంగా ఉందో. ఆ మనిషికి ఏ జబ్బూ లేనట్టే, ఎప్పుడూ రానట్టే. మళ్లీ పెట్టుకుని విన్నాను. మళ్లీ విన్నాను. కోపం ఆ తరవాతే వచ్చింది.

నేను పంపిన అసలు ఫైలు చెరిపేయలేదు కదా? చెరిపేస్తే చెప్పండి. ఆవిడ మళ్లీ తీయనిస్తుందని నాకు నమ్మకం లేదు.

మీ
నేను


రికార్డింగు గది

నర్సింగు ట్యూటరు గారికి,

తమ లేఖ అందినది. నా చెవిని ఈ విశ్వవిద్యాలయంలో ఇంతవరకు ఎవరూ శంకించి ఉండలేదని సవినయంగా మనవి చేస్తున్నాను. రొదకూ శబ్దానికీ తేడా తెలియనివాడిని ఇంతకాలం ఈ గదిలో ఉంచుకునేవారు కారు. అసలు ఫైలు భద్రంగా ఉన్నది. అసలు ఫైళ్లు చెరపడం నా పద్ధతి కాదు.

పై పేరా నిన్న రాశాను. కింది భాగం ఈరోజు రాస్తున్నాను.

పొద్దున బల్ల మీది స్పీకర్లు పక్కన పెట్టి, మంచి హెడ్‌ఫోన్లు తగిలించుకుని అసలు ఫైలు విన్నాను. నీవు చెప్పినట్లే, లబ్ తరువాత ఆగి, డబ్ కోసం కాక నడుమ ఏముందో దాని కోసం విన్నాను. ఎవరో దుప్పటిని నేల మీద మెల్లగా ఈడ్చుకుపోతున్నట్లు ఉంది. ప్రతిసారీ. పంకా హోరైతే ఒకే తీరున సాగాలి. ఇది గుండెతో పాటు లేచి, గుండెతో పాటు తగ్గుతోంది. ఇది నాకు మొదటి రోజే తెలిసి ఉండవలసింది. క్షమాపణ అనే మాట రాయడం నాకు అలవాటు లేదు గనుక, రాశానని అనుకుని చదువుకో.

విభాగాధిపతి తొందరపెడుతున్నారు. "బయట సిద్ధంగా దొరికే గుండె చప్పుళ్లు తెచ్చి పెట్టేయండి, ఎవరి గుండె అయితే ఏమిటి?" అన్నారు. ఈవిడదే పెడతానని చెప్పాను. ఎందుకని అడిగారు. నాకు తోచిన జవాబు ఆయనకు చెప్పదగింది కాదు.

ఆవిడ ఎవరు? చికిత్స జరుగుతోందా? మెట్లు ఎక్కగలుగుతోందా? పడుకుంటే ఊపిరి ఆడుతోందా? భయం వేసినప్పుడు పక్కన ఎవరైనా ఉంటున్నారా? ఇవన్నీ అడిగే అధికారం నాకు లేదని తెలుసు. అయినా రోజంతా చెవిలో ఉన్న మనిషి ఎలా ఉందో అడగకుండా ఉండడం నాకు చేతకావడం లేదు.

ఇట్లు,
నీ భర్త


నర్సుల వసతి గృహం

మీకు,

క్షమాపణ రాశారని అనుకుని చదువుకున్నాను. చాలా బాగా రాశారు.

మీ తుఫాను వచ్చి వెళ్లాడు. దీపం ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఒక పూట పట్టింది. తేల్చుకున్నాక కరెంటు పోయింది. ఏమాత్రం చలించకుండా, "ఇది కూడా ఒకందుకు మంచిదేనండీ, ఇంకోసారి ఆలోచించొచ్చు," అన్నాడు. చిత్రీకరణ మొదలయ్యాక, "మేడమ్, కెమెరా అద్దాన్ని చూసి బెదిరిపోకండి, దాని వెనక మీకు బాగా తెలిసిన మనిషి ఉన్నాడనుకోండి," అన్నాడు. ఎవరన్నాను. "మా సారే అనుకోండి." "అయితే ఆయన మొదటి మాటకే ఆపి, మైకు కాలరుకు ఇంకా దగ్గరగా పెట్టుకోమంటారు," అన్నాను. అతను పడీపడీ నవ్వి త్రిపాదిని తన్నేశాడు. ఆ ముక్క పనికిరాకుండా పోయింది.

ఆ తరవాత మాత్రం అద్దం వెనక మీరున్నారనే అనుకున్నాను. పాఠం తొందరగా అయిపోయింది. ఇంకా చెప్పాలనిపించింది. నిలబడి చెప్పవలసింది కూర్చుని చెప్పాను, అదే బాగుందన్నాడు.

ఆవిడ గురించి అడిగారు. మన వయసుదే. ఉద్యోగం కోసం ఒక్కతే ఉంటుంది, భర్త వేరే ఊళ్లో. మెట్ల మధ్యలో ఆగి, ఎవరైనా చూస్తే ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తుంది. తల కింద రెండు దిండ్లు లేనిదే పడుకోలేదు. ఆపరేషన్ చేసి తలుపు మార్చాలన్నారు డాక్టరు. "చేతిలో ఒక పనుంది, అది పూర్తి చేసి వస్తాను," అంటోంది. మొండి ఘటం.

మీరడిగిన ప్రశ్నలన్నీ ఆవిడకి చదివి వినిపించాను. కాగితం తీసుకుని మళ్లీ తనే చదువుకుంది. తరవాత, "ఆయన అందరినీ ఇలాగే అడుగుతారా?" అంది. నాకు తెలియదని చెప్పాను.

మీ
నేను


ఇంటి నుంచి

శ్రీమతికి,

ఆఫీసులో రాస్తే మధ్యలో ఎవరో ఒకరు వస్తున్నారు. ఇంట్లో, నీ బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

ఆవిడతో నా మాటగా చెప్పు. ఏ పనైనా ఆగుతుంది. ఆ పని ఎవరి కోసం చేస్తోందో వారు కూడా ఇది తెలిస్తే ఆపమనే అంటారు. ఆ భర్త ఎటువంటివాడు? భార్య మెట్ల మీద ఆగిపోతోందని అతనికి తెలియదా? దూరంగా ఉన్నాడని సాకు చెబుతాడు కాబోలు. దూరం నేనూ ఉన్నాను. ఒక్క మాటలో, ఒక్క నిట్టూర్పులో మనిషి సంగతి తెలియాలి. తెలియకపోతే అతను వినడం లేదని అర్థం. అతని చిరునామా ఉంటే పంపు, నేనే మర్యాదగా ఒక ఉత్తరం రాస్తాను.

తుఫాను తెచ్చిన వీడియో అమ్మకు చూపించాను. "కోడలు చిక్కిపోయింది," అంది. వెలుతురు పై నుంచి పడడం వల్ల అలా కనిపిస్తుందని చెప్పాను. "వెలుతురికి చెంపలు లాగేసే శక్తి ఉందేమిట్రా," అంది. కంప్యూటరు కట్టేశాక కూడా ఆ తెర ముందు నుంచి లేవలేదు. నేను కూడా.

పాఠాలు దాదాపు సిద్ధం. బొమ్మనూ శబ్దాన్నీ విడివిడిగా పంపే ఏర్పాటు చేశాను. నెట్టు నీరసంగా ఉన్న ఊళ్లలో బొమ్మ వద్దనుకుని వట్టి శబ్దం వినవచ్చు. రెండో నమూనా ఒక్కటి మిగిలింది. రేపు దాన్ని అసలు ఫైలు నుంచి, ఏమీ తుడవకుండా, మొదటి నుంచి మళ్లీ కడతాను.

తొందరగా వచ్చేయి. అమ్మ అడుగుతోంది.

ఇట్లు,
నీ భర్త


రికార్డింగు గది

నీకు,

ఈరోజు రెండో నమూనాను చివరిదాకా విన్నాను. నేను ఇదివరకు వినకుండానే కత్తిరించిన తోక కూడా విన్నాను. గుండె చప్పుడు ఆగిపోయి, పరికరాన్ని ఛాతీ మీద నుంచి తీస్తున్న గరగర వస్తుంది. ఆ గరగరలో ఒక గొంతు తనలో తను అనుకున్నట్టు "చాలు" అంటుంది.

పళ్లెంలో వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి నువ్వు అనే మాట అది.

ఇన్నేళ్లు పక్కన పడుకున్నాను. ఇన్ని వారాలు చెవిలో పెట్టుకున్నాను. నాకు తెలియలేదు. ఆ భర్త గురించి నేను రాసిన మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను.

ఫోను చేస్తే నేను మాట్లాడలేను. ఏ డాక్టరు, ఏ రోజు, అంతా రాయి. రైలు టికెట్టు తీసుకున్నాను.

నేను


నర్సుల వసతి గృహం

ఏమండీ,

ముందు ఒకటి నమ్మండి, మిమ్మల్ని మోసం చెయ్యాలని తీసిన రికార్డింగు కాదది. ఆరోగ్యంగా ఉన్న గుండె ఒకటి కావాలని మీరు మొదటి ఉత్తరంలో అడిగారు. ఎవరినో బతిమాలడం ఎందుకు, నాదే ఉంది కదా అనుకున్నాను. తలుపేసి, పంకా ఆపి, చెవులకు గొట్టాలు తగిలించుకుని, పరికరం పెట్టుకున్నాను. ఏళ్ల తరబడి పిల్లలకి ఏది చెబుతున్నానో అదే వినిపించింది. పరికరం చెడిందనుకున్నాను. కిందికి వెళ్లి డ్రైవరు గారిని బతిమాలి ఆయన ఛాతీ మీద పెట్టి చూశాను. పరికరం బాగానే ఉంది.

అలా మొదటి నమూనా రెండోది అయింది.

మెట్ల మీద ఆయాసం వయసు వల్లనుకున్నాను, లిఫ్టు వల్లనుకున్నాను. నాలాంటి పేషెంటు వస్తే కోప్పడతాను.

చెబితే మీరు అన్నీ వదిలేసి వచ్చేస్తారు. పాఠాలు ఆగిపోతాయి, నా బదిలీ ఆగిపోతుంది. ఆపరేషన్ అయ్యాక కోలుకోవడానికి ఈ ఒక్క కుర్చీ గదికే తిరిగి రావాలి. నాకు ఇంటికి రావాలని ఉందండీ. కిటికీ పక్కకి జరిపిన బల్ల దగ్గరికి రావాలని ఉంది. అత్తయ్యతో దెబ్బలాడి దాని మీద పత్రికలు తీయించాలని ఉంది. పాఠాలు ముందు పూర్తి కానిచ్చి, ఆ తరవాత చెప్పాలనుకున్నాను. డాక్టరు ఇన్నాళ్లు ఆగొచ్చన్నారు కాబట్టే ఆగాను. ఆయన్ని ధిక్కరించి కాదు.

ఇంకోటి ఉంది. ఇది రాయడం కష్టంగా ఉంది.

మెట్లెక్కగలుగుతోందా, భయం వేస్తే పక్కన ఎవరైనా ఉంటున్నారా అని మీరడిగారు. ఎవరో తెలియని మనిషి గురించి. ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. నన్నెప్పుడూ అలా అడగలేదు మీరు. అడగాలని మీకు లేదని కాదు, నాకు తెలుసు. నా దగ్గరికొచ్చేసరికి మీకు కుళాయి గుర్తొస్తుంది. కాబట్టి ఇంకొన్నాళ్లు ఆ ఇంకొకావిడగానే ఉండిపోదామనిపించింది. ఆవిడంటే నాకు అసూయ వేసింది కూడా. నవ్వకండి.

మీరు చివరలు వినకుండా కత్తిరిస్తారని నాకు తెలుసు. తెలిసే "చాలు"ను తీసేయకుండా పంపాను. వినకపోతే వినకపోయారు, ఒకవేళ వింటే వినాలని.

ఆపరేషన్ రోజు ఖాయమైంది. విచిత్రం, మీ సెమిస్టరు తెరిచే రోజే. ఇలా తెలిసింది కదా అని పాఠంలోంచి నా నమూనా తీసేయకండి. పిల్లలు నేర్చుకోవాలి. "చాలు" మాత్రం కత్తిరించండి, అది పాఠానికి అక్కర్లేదు.

వార్డెను రెండో కుర్చీ ఇచ్చింది. మా ఆయన వస్తున్నారని చెప్పాను.

మీ
నేను


ఆసుపత్రి, ఆపరేషన్ గది బయట బెంచీ

నీకు,

మన మధ్య ఉన్నది ఒక్క తలుపే. అయినా రాయడం తప్ప నీతో మాట్లాడే దారి నాకు ఇంకొకటి తెలియదు.

నిన్ను లోపలికి తీసుకువెళ్లేటప్పుడు ఏదో చెప్పాలని చాలా మాటలు కూడబెట్టుకున్నాను. నువ్వు నన్ను చూసి, "చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నారు," అన్నావు. వాటిని సరిచేసుకుని తలెత్తేసరికి తలుపు మూసుకుంది. ఆ మాటలన్నీ నా దగ్గరే ఉన్నాయి.

డాక్టరు గారు బయటికొచ్చి, "కొంతసేపు గుండెను ఆపుతాం. ఆ పని యంత్రం చూసుకుంటుంది. ఇది మేము రోజూ చేసేదే, కంగారుపడకండి," అన్నారు. "సరేనండీ," అన్నాను. ఫోనులో నీతో మాట్లాడినట్టే వచ్చింది ఆ గొంతు. ఇక్కడి ఆయా నన్ను చూసి, "ఏమవుతారు బాబూ?" అంది. భర్తనని చెప్పాను. "మీరట్లా స్తంభంలా నిలబడితే లోపల పని తొందరగా అవదు. కూర్చోండి," అంది. కూర్చున్నాను.

పొద్దున్నే కోర్సు తెరిచారు. విభాగాధిపతి ఫోను చేసి, సర్వరు తట్టుకుందనీ, ఆవిడ ఆరోగ్యం ఎలా ఉందనీ అడిగారు. రెండింటికీ "బాగానే ఉందండీ" అన్నాను.

ఏ పాఠాన్ని ఎందరు వింటున్నారో చూపించే పేజీ ఒకటి నా ఫోనులో తెరుచుకుంటుంది. లెక్క చూసుకోవడం కోసం మేము పెట్టుకున్నది. డాక్టరు వెళ్లిపోయాక దాన్ని తెరిచి, మూడో పాఠంలో నీ నమూనా దగ్గర ఆపాను. అప్పటి నుంచి అదే చూస్తున్నాను. ఎక్కడెక్కడి ఊళ్లలోనో, నేనెన్నడూ చూడబోని గదుల్లో, హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాళ్లు నిన్ను వింటున్నారు. ఆ సంఖ్య పెరుగుతుంది, తగ్గుతుంది. ఒకరు విని లేస్తే ఇంకొకరు వచ్చి కూర్చుంటున్నారు. అన్నం వేళకు అందరూ లేచిపోయారు కాబోలు, తగ్గుతూ తగ్గుతూ ఒకటికి వచ్చింది. ఆ ఒక్కరూ వెళ్లిపోతే ఏమవుతుందోనని భయం వేసింది. మూర్ఖత్వమని తెలుసు. జేబులోంచి హెడ్‌ఫోన్లు తీసి తగిలించుకుని నేనూ మీట నొక్కాను. రెండు అయింది.

లోపల ఇప్పుడు ఆపి ఉంచారేమో. ఇక్కడ కొట్టుకుంటూనే ఉంది. లబ్‌కీ డబ్‌కీ నడుమ దుప్పటి ఈడుస్తున్న చప్పుడు కూడా ఉంది. దాన్నీ విన్నాను, పూర్తిగా. చివర "చాలు" అన్నావు. అది నేను కత్తిరించలేదు. నువ్వు చెప్పినా కత్తిరించలేదు. మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

మెట్లెక్కగలుగుతున్నావా, పడుకుంటే ఊపిరాడుతోందా, భయం వేసిందా. ఇవన్నీ నిన్నే అడుగుతున్నాను. ఇకమీదట రోజూ అడుగుతాను. విసుగొచ్చినా అడుగుతాను.

లోపల ఏవో అడుగుల చప్పుడు దగ్గరికి వస్తోంది. ఆపుతున్నాను.

నేను


ఆసుపత్రి, కిటికీ పక్క మంచం

ఏమండీ,

అత్తయ్యను చూసుకోవడానికి మీరు వెళ్లాక వార్డు మరీ మర్యాదగా తయారైంది. ఎవరూ దుప్పటి సరిచేసే నెపంతో గంటకోసారి ఎలా ఉందని అడగడం లేదు. ఆయా అయితే "మీ స్తంభం ఎప్పుడొస్తుంది?" అంటోంది.

కుట్లు విప్పేశారు. వసారా చివరిదాకా నడుస్తున్నాను. నిన్న మెట్లు కూడా ఎక్కించారు, ఫోను చూసుకోవలసిన అవసరం రాలేదు. బదిలీ ఉత్తర్వు వచ్చింది. వార్డెను స్వయంగా తెచ్చి ఇచ్చి, గది ఎప్పుడు ఖాళీ చేస్తారంది. కుర్చీలు రెండూ తిరిగి అప్పగించాలట.

మీరు బయట కూర్చుని రాసిన ఉత్తరం చదివాను. దాని గురించి ఇక్కడ ఏమీ రాయను. వచ్చాక మీ ఎదురుగా కూర్చుని, మాటల్లోనే చెబుతాను. మీరు కూడా ఆ రోజు కూడబెట్టుకున్న మాటలు పారేయకుండా ఉంచండి.

ఒక సంగతి మాత్రం ముందే తెలియాలి. కొత్తగా పెట్టిన తలుపు లోహంది. గది నిశ్శబ్దంగా ఉంటే బయటికే వినపడుతుంది, టిక్, టిక్ అని. మొన్న పక్క మంచం ఆవిడ, "మీ చేతి గడియారం కాస్త దూరంగా పెడతారా అమ్మా, కునుకు పట్టడం లేదు," అంది. గడియారం కాదండీ, నేనే, అన్నాను. ఆవిడ లేచి కూర్చుని చెవి ఒగ్గి వింది.

మీరు ఏ చిన్న రొదనీ భరించలేని మనిషి. బాగా ఆలోచించుకోండి. నేను మాత్రం వచ్చేస్తున్నాను.

మీ
నేను